అభిప్రాయం గడి

మూడో శనివారం, పదకొండు గంటలు.
బోరబండ కొండవాలు మీద మా సర్కారు హైస్కూలు.
హెచ్చెమ్ గారు రిజిస్టరు నా ముందుకు తోసి
"మీ దస్తూరీ బాగుంటుంది, మీరే రాయండి" అన్నారు.
లెక్కల మాస్టర్ని, గడులు గీయడం నాకలవాటే.
పేరు, తరగతి, సంతకం,
చివర్న రెండు వేళ్ల వెడల్పున
అభిప్రాయం.

ముందుగా వచ్చింది ఎర్పుల అంజిలమ్మ.
నాలుగిళ్లలో పని.
ఒక ఇంట్లో చెప్పి వచ్చింది,
మూడిళ్లలో చెప్పకుండా వచ్చింది.
"బడి మంచిగనే ఉన్నది సారూ" అని
కొంగుతో మెడ తుడుచుకుని
"మంచిగ లేకుంటే మాత్రం ఏడికి తోల్కపోవాలె?"
మొదటి మాటకే గడి నిండిపోయింది.

ఆటో బాలకిష్టయ్య కూర్చోలేదు.
మూడు నెలల ఫీజు బాకీపడి
కొడుకును ప్రైవేటు బడి మాన్పించి ఇక్కడ వేశాడు.
"ఆడ వీడు టై కట్టేది సార్.
ఈడికొచ్చినంక లెక్కలొస్తున్నయ్.
గని చుట్టాలడిగితే
ఇంకా ఆ బడి పేరే చెప్తున్న."
"సంతృప్తి" అని రాశాను.
కొట్టేశాను.
మళ్లీ అదే రాశాను.

నస్రీన్ బేగం ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ఆగింది.
ఎనిమిదో తరగతి ఆడపిల్లలు
పొద్దున్నుంచి నీళ్లు తాగడం లేదట.
తాగితే వెళ్లాల్సి వస్తుందని,
వెళ్లే చోట తలుపుకు గడియ లేదని.
"నిన్న పంపింది ఇది" అంటూ
సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.
మూత దగ్గరిదాకా నీళ్లు.
మీటింగు ముగిసేదాకా అది అక్కడే ఉంది.
ఎండ బాగానే ఉన్నా
ఎవరూ దాని వైపు చెయ్యి చాపలేదు.

పిల్లలకి విడి కాగితాలిచ్చాం.
పేరు రాయక్కర్లేదన్నాను.
ఎవరి అక్షరం ఎవరిదో నాకు తెలుసని వాళ్లకి తెలుసు.
"సైన్సు సారు పోయి ఆరు నెలలు.
ల్యాబులో ఎముకల బొమ్మకి మేమే పేరు పెట్టుకున్నాం."
"గుడ్డు రోజు బడికి తప్పకుండా వస్తాను."
"రైలు పోతుంటే లెక్కల సారు ఆగిపోయి
పోయినంక మళ్లీ మొదటి నుంచి చెప్తరు.
మాకు అది ఇష్టం."
దీన్ని రెండుసార్లు చదివాను, ఒప్పుకుంటాను.
దర్భంగా నుంచి తాపీపని తండ్రి వెంట వచ్చిన గుల్షన్
ఒకటే వాక్యం రాశాడు:
"ఈ బడిలో నాకు ళ వచ్చింది."
ఆ ళ ఎంత గుండ్రంగా ఉందంటే
నా దస్తూరీ మీద నాకే నామోషీ వేసింది.

అందరూ లేస్తుండగా
వెనక బెంచీ నుంచి కేతావత్ సోనమ్మ అడిగింది,
ఇంతసేపూ నోరు విప్పనిది:
"సారూ, మీ బిడ్డ ఏ బళ్లె సదువుతది?"

కూకట్‌పల్లిలో, అన్నాను.
పచ్చ బస్సు ఇంటిముందుకే వస్తుంది.
ఆమెకి కోపం రాలేదు. వస్తే బాగుండేది.
"మంచిది. మరి ఆడి లెక్కల సారు
మీ లెక్కనే మంచిగ చెప్తడా?"

తెలీదమ్మా.
ఆ బడి మీటింగులు కూడా మూడో శనివారమే.
నేనెప్పుడూ ఇక్కడే ఉంటాను.

"ఇతర అంశాలు: ఏమీ లేవు" అని రాసి గీత కొట్టాను.

సాయంత్రం మోతీనగర్‌లో ఒక గడియ కొన్నాను,
నలభై ఐదు రూపాయలు, మరలతో సహా.
సోమవారం గంట కొట్టకముందే
ఆయమ్మను తోడు తీసుకుని వెళ్లాను.
మర తిప్పితే చెక్క పిండిలా రాలింది.
ఇంకోచోట తిప్పాను. అక్కడా అంతే.

రిజిస్టరు తెరిచి
నస్రీన్ బేగం పేరు ఎదురుగా
మిగిలిన కాస్త చోటులో
"గడియ" కొట్టేసి
"తలుపు" అని రాశాను.